తోటలో ఏటీవీ ఉంది, వచ్చినవాళ్ళందరికీ తాళం ఇస్తున్నా. ఎవరికైనా దెబ్బ తగిలితే నా మీదకొస్తుందా?

భీమిలి_తోట (ఆదివారం, రాత్రి 9:42)

నమస్కారం అందరికీ. నాకు భీమిలి దగ్గర, సంగివలస దాటి లోపలికెళ్తే మూడెకరాల తోట ఉంది, సగం జీడిమామిడి, సగం సరుగుడు. సరుగుడు పోయినేడాది కొట్టించేశాం, మళ్ళీ మొక్క వెయ్యలేదు, అంతా ఇసక నేల. ఖాళీగా ఉంది కదా అని ఆరు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో 250 సీసీ ఏటీవీ కొన్నాను, నాలుగు లావు టైర్లతో ఉంటుంది చూడండి, ఆ బండి. రిజిస్ట్రేషన్ లేదు, రోడ్డెక్కించను, తోటలోనే. ఆదివారం వస్తే చుట్టాలు, ఆఫీసు వాళ్ళు వస్తారు, వండుకుంటాం, పిల్లలూ పెద్దలూ వంతులేసుకుని తోలుతారు. ఎవరి దగ్గరా డబ్బులు అడగను, పెట్రోలుకని ఎవరైనా వందో రెండొందలో చేతిలో పెడితే వద్దనను.

ఇవాళ మా తోడల్లుడి కొడుకు తోలాడు, వాడికి 13, వెనకాల మా అమ్మాయి ఎక్కింది, దానికి 9. మలుపు దగ్గర బండి ఒక పక్కకి లేచిపోయి ఇద్దరూ ఇసకలో పడ్డారు. అమ్మాయికి మోచెయ్యి గీరుకుంది. వాడు లేచి ప్యాంటు దులుపుకుని ఏం కాలేదు బాబాయ్ అన్నాడు, నేనూ సరేలే అనుకున్నా. బండి వాళ్ళకి రెండడుగుల అవతల పడింది. మా ఆవిడ సాయంత్రం నుంచి నాతో మాట్లాడట్లేదు.

కనుమకి ఆఫీసు నుంచి ఇరవై మంది ఫ్యామిలీలతో వస్తామన్నారు, నేను రమ్మన్నాను కూడా. సొంత స్థలం, చుట్టూ ముళ్ళకంచె, గేటు ఉంది. ఏదైనా జరిగితే చట్టప్రకారం నా మీద ఏముంటుంది? అందరి దగ్గరా సంతకాలు తీసుకుంటే సరిపోతుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


గాజువాక_కుర్రాడు (ఆదివారం, రాత్రి 10:05)

అన్నా టెన్షన్ పడకు. మోటారు వాహనాల చట్టం అంతా పబ్లిక్ ప్లేస్‌కే, ప్రైవేట్ స్థలంలో వర్తించదు. మన విశాఖ స్టీల్ ప్లాంట్ కేసే ఉంది కదా, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, ప్లాంటు డిస్పాచ్ యార్డు లోపల తిరిగే బళ్ళకి ట్యాక్స్ కట్టక్కర్లేదని. మా నాన్న ప్లాంటులోనే చేస్తారు, అప్పుడు అందరూ అదే మాట్లాడుకున్నారు. గోడ లోపల బండి అంటే మన ఇష్టం. సంతకాలు కూడా తీసుకుంటే ఇంక ఎవడూ ఏం చెయ్యలేడు.


సీతమ్మధార_వకీలు (ఆదివారం, రాత్రి 10:51)

తమ్ముడూ, ఆ కేసు నువ్వు చెప్పింది నిజమే, కానీ అది ట్యాక్స్ కేసు. కాంట్రాక్టర్ 36 బళ్ళు యార్డు లోపలే తిప్పుకున్నాడు, చుట్టూ కాంపౌండ్ వాల్, గేట్ల దగ్గర సెక్యూరిటీ, పాస్ లేకపోతే లోపలికి రానివ్వరు, కాబట్టి అది పబ్లిక్ ప్లేస్ కాదు, రోడ్డు వాడనప్పుడు రోడ్డు ట్యాక్స్ ఎందుకు కట్టాలి అని కట్టిన 22,71,700 రూపాయలు వెనక్కి ఇమ్మన్నారు. ఆ యార్డులో మనిషికి దెబ్బ తగిలితే ఎవరిది బాధ్యత అనేది ఆ కేసులో ప్రశ్నే కాదు. ట్యాక్స్ లేనంత మాత్రాన బాధ్యత లేకుండా పోదు, ఈ రెండూ కలిపేసుకుని చాలామంది ధైర్యంగా ఉంటున్నారు, అందుకే ఇంత రాత్రప్పుడు కూర్చుని రాస్తున్నా.

తోట గారూ, ముందు నాకు రెండు విషయాలు చెప్పండి. మీ తోటలోంచి ఊళ్ళో వాళ్ళెవరైనా నడిచి వెళ్తారా? గేటుకి తాళం వేసి ఉంటుందా, తీసే ఉంటుందా?


భీమిలి_తోట (ఆదివారం, రాత్రి 11:10)

గేటు పగలు తీసే ఉంటుందండి, పాలేరు ఉంటాడు. పడమటి వైపు నుంచి ఒక కాలిబాట ఉంది, వెనక ఊరి వాళ్ళు అమ్మవారి గుడికి అటు నుంచే వెళ్తారు, మా తాతగారి రోజుల నుంచీ ఉంది, అడ్డు పెట్టడం బాగుండదని వదిలేశాం. ఏటీవీ ట్రాక్ ఆ బాటని ఒక చోట దాటుతుంది.


సీతమ్మధార_వకీలు (సోమవారం, ఉదయం 6:35)

నాకు ఆ కాలిబాటే భయంగా ఉంది.

చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే రోడ్డే అవ్వక్కర్లేదు, జనానికి వెళ్ళే హక్కు ఉన్న ఏ చోటైనా అవుతుంది. 1999లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి అయితే ప్రైవేటు స్థలమైనా జనం వచ్చిపోయేదైతే పబ్లిక్ ప్లేసే అని చూసింది. తాతల కాలం నుంచీ జనం నడుస్తున్న బాట మీద మీ బండి ఎవరినైనా గుద్దితే, ఇది ప్రైవేటు స్థలమండీ అని మీరు అనడం చాలా కష్టం. అప్పుడు లైసెన్సు, ఇన్సూరెన్సు, వయసు అన్నీ లెక్కలోకి వస్తాయి. మైనర్ తోలితే సెక్షన్ 199ఏ, 2019 సవరణలో వచ్చింది, గార్డియన్‌కి గానీ ఓనర్‌కి గానీ మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

సరే, బాట మూసేశారు, గేటుకి తాళం వేశారు, అచ్చంగా ప్రైవేటు స్థలమే అనుకుందాం. అప్పుడు కూడా భారతీయ న్యాయ సంహిత ఉంది, అది గోడ దగ్గర ఆగదు. ర్యాష్ డ్రైవింగ్ సెక్షన్ 281 ఒక్కటీ జనం తిరిగే దారికి సంబంధించింది. సెక్షన్ 125, అంటే నిర్లక్ష్యంతో ఇంకొకళ్ళ ప్రాణం మీదకి తేవడం, ఎక్కడైనా వర్తిస్తుంది, తీవ్రమైన గాయమైతే మూడేళ్ళ దాకా. ప్రాణం పోతే సెక్షన్ 106, ఐదేళ్ళ దాకా. పాత ఐపీసీలో 304ఏ కింద ఇదే రెండేళ్ళు ఉండేది, 2024 జులై 1 నుంచి పెరిగింది. పైగా 106 రాజీ కుదుర్చుకునే సెక్షన్ కాదు, ఆ కుటుంబం మాకు కేసు వద్దు అన్నా దానంతట అది పోదు. తోలింది నేను కాదు కదా అంటారేమో, 13 ఏళ్ళ వాడికి 250 సీసీ బండి తాళం ఇవ్వడమే నిర్లక్ష్యం అని పోలీసులు మీ పేరు రాయొచ్చు. ఆసుపత్రికి వెళ్ళగానే మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకి చెప్పాల్సిన గాయం, అని వాళ్ళే స్టేషన్‌కి చెప్తారు, మీరూ మీ బంధువులూ ఏమనుకున్నా సంబంధం లేదు.

సంతకాల సంగతి సాయంత్రం రాస్తా, కోర్టుకి టైమవుతోంది.


ఎన్ఆర్ఐ_డాలస్ (సోమవారం, ఉదయం 8:20)

మాది మధురవాడే, 14 ఏళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నా. ఇక్కడ మా ఫ్రెండుకి ర్యాంచ్ ఉంది, ఏటీవీలు మూడు. ఇక్కడ రిక్రియేషనల్ యూజ్ చట్టాలని యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. డబ్బులు తీసుకోకుండా మీ భూమిలోకి సరదాకి రానిస్తే భూమి యజమాని మీద బాధ్యత బాగా తగ్గిస్తారు, టెక్సాస్‌లో అయితే సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 75వ చాప్టర్. డబ్బులు వసూలు చేస్తే ఆ రక్షణ తగ్గిపోతుంది, మరీ ఒళ్ళు తెలియని నిర్లక్ష్యం అయితే అసలు ఉండదు. అదీకాక ఆ రక్షణ భూమికే, బండి మీదే అయితే వేరే లెక్క, తోలడం రానివాడికి బండి ఇవ్వడాన్నే ఒక తప్పుగా చూస్తారు, నెగ్లిజెంట్ ఎంట్రస్ట్‌మెంట్ అంటారు. అందుకే మా ఫ్రెండు ఇంటి పాలసీ మీద ఇంకో అంబ్రెల్లా పాలసీ, అంటే మొదటి పాలసీ పరిమితి దాటిన పరిహారం కట్టేది, పెట్టుకున్నాడు, ఏటీవీ దానిలో వస్తుందా లేదా అని రాతలో అడిగి మరీ తీసుకున్నాడు.

ఇంకోటి, ఇక్కడ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వాళ్ళు 16 ఏళ్ళ లోపు పిల్లలు పెద్ద సైజు ఏటీవీ ఎక్కకూడదని ఎప్పటినుంచో చెప్తున్నారు. ఒకప్పుడు మూడు చక్రాల ఏటీవీలు ఉండేవి, అవి బోర్లా పడి పిల్లలు పోతున్నారని 1988లో కంపెనీలతో ఒప్పందం చేసుకుని అమ్మకాలే ఆపించేశారు. అన్నా, 13 ఏళ్ళ వాడి వెనకాల 9 ఏళ్ళ పాప అని చదివి నాకు కాఫీ దిగలేదు.


సీతమ్మధార_వకీలు (సోమవారం, మధ్యాహ్నం 1:30)

లంచ్‌లో చూశాను. డాలస్ గారు చెప్పిన ఆ చట్టం లాంటిది మనకి లేదు, అది గుర్తుపెట్టుకోండి, యూట్యూబులో అమెరికా వీడియోలు చూసి ఫ్రీగా ఇస్తే బాధ్యత ఉండదు అని ఇక్కడ చాలామంది అనుకుంటున్నారు. మన దగ్గర ఫ్రీ అయితే తగ్గేది ఒక్కటే, వినియోగదారుల కోర్టు. 2019 చట్టంలో ఉచితంగా చేసిన సేవ సేవ కిందకి రాదు. కానీ మీరు పెట్రోలుకని తీసుకునే ఆ రెండొందలు ఉన్నాయే, ఇరవై మంది దగ్గర తీసుకుంటే రేపు అవతలి లాయరు దాన్ని టిక్కెట్టు అంటాడు. ఆ వంద, రెండొందలు ఇవాళ్టి నుంచే మానెయ్యండి.


కంచరపాలెం_మెకానిక్ (సోమవారం, సాయంత్రం 5:15)

అన్నయ్యా నేను కేసుల గురించి చెప్పలేను గానీ బండి గురించి చెప్తాను, ఇలాటివి మూడు నాలుగు నా సెడ్డుకి వచ్చినాయి. అందరూ చేసే తప్పు ఏటంటే దీన్ని స్కూటీ లాగ అనుకుంటారు, నాలుగు చక్రాలున్నాయి పడదులే అనుకుంటారు. ఈ చిన్న ఏటీవీల్లో ఎక్కువ వాటికి ఎనక డిఫరెన్షియల్ ఉండదు, ఎనక రెండు చక్రాలూ ఒకే రాడ్డు మీద ఒకే స్పీడులో తిరుగుతాయి, మలుపులో లోపలి చక్రం తక్కువ తిరగాలి కదా, అది తిరగదు, బండి తిన్నగా పోదామని చూస్తాది, అప్పుడు హ్యాండిల్ గట్టిగా కొడితే లేచిపోద్ది. తోలేవాడు మలుపు లోపలి వైపుకి ఒళ్ళు వంచాల. ఎనక ఒక మనిషి కూర్చుంటే ఆ మనిషి వంగడు, ఇంక బండి బోర్లా పడడమే. సీటు పొడుగ్గా ఉన్నాది కదా అని ఇద్దరు ఎక్కుతారు, ఆ పొడుగు ఎనకాల మనిషి కోసం కాదు, తోలేవాడు ముందుకీ ఎనక్కీ జరగడానికి.

ఇంకోటి యాక్సిలరేటర్, బైకు లాగ తిప్పేది కాదు, బొటనవేలితో నొక్కేది. భయం వేసినప్పుడు ఎవడైనా ఏం చేస్తాడు, హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకుంటే బొటనవేలు నొక్కుద్ది, బండి ఇంకా ఉరుకుద్ది. మీ పిల్లాడికి అయ్యింది అదే అయ్యుంటాది, అడిగి చూడండి. ఆ లివర్ డబ్బా మీద చిన్న స్క్రూ ఉంటాది చాలా మోడళ్ళకి, లోపలికి తిప్పితే స్పీడు తగ్గించొచ్చు. మణికట్టుకి కట్టుకునే కిల్ స్విచ్ తాడు ఉంటాది, మనిషి పడితే ఊడొచ్చి ఇంజను ఆగిపోద్ది, సెకండ్ హ్యాండ్ బళ్ళకి అది ఎవరూ ఇవ్వరు, కొని పెట్టించండి. టైర్లు కూడా చూడండి, కారు లాగ ముప్పై కొట్టించీసి ఉంటారు, వీటికి ఐదు దగ్గర ఉండాల, టైరు మీదే రాసుంటాది, ఎక్కువ గాలి ఉంటే బంతి లాగ ఎగురుద్ది.


ఆనందపురం_మామిడి (సోమవారం, రాత్రి 8:58)

ఈ టాపిక్ చూసి రెండు గంటలు రాయాలా వద్దా అని కూర్చున్నాను, రాస్తున్నాను.

మాది ఆనందపురం వైపు మామిడి తోట. నాలుగేళ్ళ కిందట నేను కూడా ఇలాగే ఏటీవీ కొన్నాను. నా కాలేజీ ఫ్రెండు, ఇంజినీరింగులో నాలుగేళ్ళు ఒకే రూములో ఉన్నాం, వాడికి అప్పుడు 31. సాయంత్రం ఐదున్నర, వెలుతురు తగ్గుతోంది, నేనే అన్నాను ఒక రౌండు వెయ్యరా బాగుంటుందని. గడ్డిలో పాత చెట్టు మోడు ఒకటి ఉంది, జానెడు ఎత్తు. నాకు తెలుసు అక్కడ ఉందని, నేను తోలేటప్పుడు పక్కనుంచి పోతాను, అలవాటు. వాడికి చెప్పలేదు. ముందు చక్రం మోడుకి తగిలి బండి గింగిరాలు తిరిగి వాడి నడుం మీద పడింది. బండి లేపుతుంటే ఇంజను ఇంకా ఆడుతోంది, సైలెన్సర్ వాడి తొడకి ఆని ఉంది, ప్యాంటు కాలిన వాసన. హెల్మెట్ నా కారు డిక్కీలోనే ఉంది, తియ్యలేదు.

తుంటి ఎముక మూడు చోట్ల విరిగింది. రెండు ఆపరేషన్లు, నాలుగు నెలలు మంచం, ఉద్యోగం పోయింది. వాడి హెల్త్ పాలసీ వాళ్ళు సాహస క్రీడ అని రాసి క్లెయిమ్ తిప్పి పంపించారు. బిల్లు ఏడు లక్షలు దాటింది. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, వాళ్ళన్నయ్య లాయరు నోటీసు పంపించాడు, అందులో మొదటి పాయింటే మోడు సంగతి తెలిసి కూడా చెప్పలేదు అని. ఆ మాట నేనే ఆసుపత్రి వరండాలో ఏడుస్తూ వాళ్ళన్నయ్యతో అన్నాను. తగరపువలసలో రెండొందల గజాల సైటు ఉండేది, అమ్మి సెటిల్ చేశాను. ఇవ్వాల్సిందే, దాని గురించి బాధ లేదు. వాడు ఇప్పటికీ కొంచెం కుంటుతాడు, పెళ్ళిళ్ళలో ఎదురైతే బాగున్నావా అంటాడు, అంతే, ఇంకేం మాట్లాడుకోం.

భీమిలి గారూ, సరుగుడు కొట్టించేశాం అన్నారు కదా. మోడులు తవ్వించారా?


భీమిలి_తోట (సోమవారం, రాత్రి 9:30)

లేదండి. తవ్వించలేదు. నేల మట్టానికి కోశారు, ఇసక కప్పేసి కనపడవు. ట్రాక్ మీద ఉన్నవి తీయించాను, పక్కన ఉన్నవి అలాగే ఉన్నాయి.

మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను.


సీతమ్మధార_వకీలు (సోమవారం, రాత్రి 10:15)

మామిడి గారూ, అది రాయడానికి గుండె కావాలి, ధన్యవాదాలు. తెలిసిన ప్రమాదం చెప్పకపోవడం అనే పాయింటు చాలా గట్టిది, ఇలాంటి కేసుల్లో సగం దాని మీదే నిలబడతాయి.

ఇప్పుడు సంతకాలు. పెద్దవాళ్ళు సంతకం పెడితే, ప్రమాదం ఉందని తెలిసే ఎక్కారు అని చూపించుకోవడానికి కొంత పనికొస్తుంది, వాళ్ళ తప్పు వాళ్ళకి ఉంటే పరిహారం ఆ మేరకి తగ్గుతుంది. మీ నిర్లక్ష్యాన్ని ఆ కాగితం తుడిచేయదు. క్రిమినల్ కేసుకి అసలు సంబంధమే లేదు. పిల్లల సంతకం చిత్తు కాగితంతో సమానం, మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్, అంటే అప్పటి మన పై కోర్టు, తేల్చేసింది. తండ్రి సంతకం పెట్టినా పిల్లాడికి తగిలిన దెబ్బకి పిల్లాడి హక్కు పోతుందని భరోసా పెట్టుకోకండి. పైగా మైనర్‌కి దావా వేసే మూడేళ్ళ గడువు 18 నిండాక మొదలవుతుంది, నిన్న పడిన 13 ఏళ్ళ పిల్లాడు 21 వచ్చేదాకా దావా వేసుకోవచ్చు. మీరు ఎనిమిదేళ్ళ తరవాత ఏ కాగితం ఎక్కడ పెట్టారో వెతుక్కుంటూ ఉంటారు.

డబ్బు ఎంత అంటారా, ఒక లెక్క వేసి చూపిస్తా. మీ ఆఫీసు కుర్రాడు, 24 ఏళ్ళు, పెళ్ళి కాలేదు, ప్రైవేటు ఉద్యోగం, నెలకి 30,000. దేవుడి దయ వల్ల అలాంటిది జరక్కూడదు, ప్రాణమే పోయిందనుకోండి. ఏడాదికి 3,60,000. ముందు ముందు జీతం పెరుగుతుందని 40 శాతం కలుపుతారు, 5,04,000. బ్రహ్మచారి కాబట్టి సొంత ఖర్చు సగం తీసేస్తారు, 2,52,000. ఆ వయసుకి గుణకం, అంటే కోర్టు హెచ్చించే అంకె, 18. మొత్తం 45,36,000, దాని మీద అంత్యక్రియలు వగైరా ఇంకొంత. ఇది 2009, 2017 సుప్రీంకోర్టు తీర్పుల్లో మోటారు ప్రమాదాలకి పెట్టిన పద్ధతి, సివిల్ దావా అయినా జడ్జీలు చాలావరకూ దీన్నే ఆధారం చేసుకుంటారు. మరణం అయితే 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద కుటుంబం రెండేళ్ళలోపు దావా వెయ్యొచ్చు. రోడ్డు మీద పాలసీ ఉన్న బండి ఎవరినైనా గుద్దితే ఈ డబ్బు ఇన్సూరెన్సు కంపెనీ కడుతుంది. మీ తోటలో, పాలసీ లేని బండి మీద అయితే మీ జేబులోంచే.


గాజువాక_కుర్రాడు (సోమవారం, రాత్రి 10:40)

సార్ నిన్న తెలియక రాశాను, సారీ. కానీ ఒక్క డౌట్. ఇన్సూరెన్సు ఉన్న బైకే అనుకోండి, ఫ్రెండుకి ఇచ్చాను, వాడే పడ్డాడు, అప్పుడు థర్డ్ పార్టీ వస్తుంది కదా?


ఎంవీపీ_ఇన్సూరెన్స్ (మంగళవారం, ఉదయం 9:05)

దీనికి నేను చెప్తాను, పదిహేనేళ్ళుగా ఈ పనే. రాదు తమ్ముడూ. బండి అడిగి తీసుకున్నవాడు ఓనర్ స్థానంలోకి వచ్చినట్టే అని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది, వాడు మూడో మనిషి కాడు, కాబట్టి వాడి తప్పు వల్ల వాడే పడితే థర్డ్ పార్టీ కింద ఏమీ రాదు. 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ అనేది ఓనర్ కమ్ డ్రైవర్‌కి. అందుకే ఫ్రెండుకి బండి ఇచ్చినప్పుడు ఇద్దరూ గాల్లోనే ఉంటారు.

తోట గారి బండికి మామూలు మోటారు పాలసీ దొరకడమే కష్టం, రిజిస్ట్రేషన్ లేదు కదా. ఇంటికి తీసుకునే ప్యాకేజీ పాలసీల్లో కొన్నిటికి పబ్లిక్ లయబిలిటీ సెక్షన్ ఉంటుంది, కానీ ఇంజను బళ్ళ వల్ల జరిగినవి సాధారణంగా మినహాయింపుల్లో ఉంటాయి, చివరి పేజీల్లో చిన్న అక్షరాలు, అదే ముందు చదవండి. ఇంకో పొరపాటు, పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ యాక్ట్ 1991 అని గూగుల్లో చూసి అది కావాలి అని వస్తారు. అది భోపాల్ తరవాత ప్రమాదకర రసాయనాల ఫ్యాక్టరీల కోసం తెచ్చిన చట్టం, మనకి సంబంధం లేదు.

కనుమ ఒక్క రోజుకే అయితే ఈవెంట్ లయబిలిటీ, వచ్చినవాళ్ళకి గ్రూపు పర్సనల్ యాక్సిడెంట్ అడగండి. అడిగేటప్పుడు ఏటీవీ సంగతి దాచకండి, ఈమెయిల్లో రాయండి, కవర్ అవుతుందో లేదో వాళ్ళ జవాబు కూడా ఈమెయిల్లోనే తెప్పించుకోండి. ఏజెంటు నోటి మాట నమ్మకండి, నేనూ ఏజెంటునే, అయినా చెప్తున్నా. దాచి తీసుకున్న పాలసీ క్లెయిమ్ రోజున నిలబడదు.


లాసన్స్_బే_అమ్మ (మంగళవారం, మధ్యాహ్నం 2:12)

నేను స్కూలు టీచర్ని, ఇద్దరు మగపిల్లల తల్లిని. చట్టం సంగతి పెద్దలు చెప్పారు. నా మాట ఒకటి వినండి. ఆ 13 ఏళ్ళ బాబు లేచి ఏం కాలేదు బాబాయ్ అన్నాడు అన్నారు. ఆ వయసు మగపిల్లలు అలాగే అంటారు, చెప్తే మళ్ళీ ఎక్కనివ్వరని. మా పెద్దోడు సైకిల్ మీంచి పడి విరిగిన చెయ్యితో మూడు రోజులు ట్యూషన్‌కి వెళ్ళాడు, అన్నం ఎడం చేత్తో తింటుంటే పట్టుకున్నాను. దయచేసి ఇవాళే ఆ బాబుని ఎక్స్‌రే తీయించమని వాళ్ళ అమ్మకి ఫోన్ చెయ్యండి. కేసు వస్తుందా రాదా అన్నది తరవాత.


పెందుర్తి_పాతకాపు (మంగళవారం, సాయంత్రం 4:40)

అందరూ బాగానే రాశారు గానీ నాకు ఒక బాధ. నా చిన్నప్పుడు మా కల్లంలో ట్రాక్టరు, మోటు బావి, ఎద్దుబండి అన్నీ ఉండేవి, ఊళ్ళో పిల్లలంతా మా దగ్గరే ఆడేవారు, ఎవరికి దెబ్బ తగిలినా మా అమ్మ పసుపు పెట్టి పంపేది. ఇప్పుడు చుట్టానికి బండి ఇవ్వాలన్నా ఈమెయిలు, పాలసీ, సెక్షన్లు అంటే ఇంక మనుషులు మనుషుల ఇళ్ళకి ఎందుకు వెళ్ళాలి?


ఆనందపురం_మామిడి (మంగళవారం, సాయంత్రం 5:25)

పెద్దాయనా, మీ బాధ నాకు అర్థమైంది, నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. కానీ మీ అమ్మగారు బావి దగ్గరకి పిల్లల్ని వెళ్ళనిచ్చేవారా? మా నాయనమ్మ బావి గట్టు మీద చెయ్యి వేస్తేనే కేక పెట్టేది. ఆవిడకి ఏ సెక్షనూ తెలీదు. ఆ మోడు సంగతి నేను ఒక్క ముక్క చెప్పుంటే నా ఫ్రెండు నాకు ఉండేవాడు.


పెందుర్తి_పాతకాపు (మంగళవారం, సాయంత్రం 5:50)

నిజమే నాయనా. మా బావికి చుట్టూ ముళ్ళకంప ఉండేది. మా నాన్నే వేశాడు.


రుషికొండ_తిరుగుళ్ళు (మంగళవారం, రాత్రి 7:30)

ఒక మాట మధ్యలో. తోటలో భయం కదా అని ఎవరూ ఈ బళ్ళని బీచ్ మీదకి గానీ ఎర్రమట్టి దిబ్బల వైపు గానీ తీసుకెళ్ళకండి. దిబ్బల దగ్గర ఆ మట్టి ఒక్కసారి టైరు తొక్కితే మళ్ళీ రాదు, జాతీయ భూ వారసత్వ స్థలం అది. ఇసకలో ఈ సీజన్‌లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. బీచ్ అంటే జనం తిరిగే చోటు కూడా, అక్కడ ఎవరినైనా గుద్దితే పైన వకీలు గారు చెప్పినవన్నీ ఒకేసారి మీద పడతాయి.


భీమిలి_తోట (గురువారం, రాత్రి 10:20)

టీచర్ అమ్మగారూ, మీకు చేతులెత్తి దండం పెడుతున్నా. మంగళవారం రాత్రే మా వదిన గారికి ఫోన్ చేశాను, ముందు కొంచెం నొచ్చుకున్నారు, బుధవారం ఎక్స్‌రే తీయించారు. కాలర్ బోన్ దగ్గర సన్నగా చీలిక ఉంది. వాడు మూడు రోజులూ బ్యాగు ఒకే భుజానికి వేసుకుని స్కూలుకి వెళ్తున్నాడట, ఎవరూ గమనించలేదు. ఆపరేషన్ అక్కర్లేదు, చెయ్యి పట్టీలో పెట్టి నాలుగు వారాలు కదపొద్దన్నారు. నేను వెళ్ళి మా తోడల్లుడి ఎదురుగా కూర్చుని తప్పు నాదే అని చెప్పాను, ఖర్చు నేనే పెట్టుకుంటానన్నాను. ఆయన ఏమీ అనలేదు, కాఫీ తాగి వెళ్ళమన్నాడు. బొటనవేలు సంగతి వాడిని అడిగాను, మెకానిక్ తమ్ముడు చెప్పిందే, భయమేసి గట్టిగా పట్టుకున్నా బాబాయ్, బండి ఇంకా స్పీడయిపోయింది అన్నాడు.

తాళం ఇప్పుడు మా ఆవిడ బీరువాలో ఉంది. ఇంతకుముందు పాకలో మేకుకి తగిలించేవాణ్ణి, ఊళ్ళో పిల్లలు ఎవరైనా తీసుంటే ఏమయ్యేదో. కనుమకి ఆఫీసు వాళ్ళు వస్తారు, బండి మాత్రం బయటికి రాదు, గ్రూపులో పెట్టేశాను, ఇద్దరు ముగ్గురు ముఖం మాడ్చారు. ట్రాక్ కాలిబాటని దాటకుండా దారి మార్చి మధ్యలో కంచె వేయిస్తాను, గుడికి వెళ్ళేవాళ్ళని ఆపను. మోడులు తవ్వడానికి జేసీబీ వాడితో మాట్లాడాను, సోమవారం వస్తానన్నాడు. ఆ తరవాత కూడా 18 దాటి లైసెన్సు ఉన్నవాళ్ళకే, హెల్మెట్‌తో, ఒక్కరే, నేను అక్కడ ఉంటేనే. పాలసీ గురించి ఈమెయిలు పెట్టాను, జవాబు రాలేదు, అది వచ్చేదాకా మా ఇంట్లో వాళ్ళు తప్ప ఎవరూ ఎక్కరు.

మెకానిక్ తమ్ముడూ, ఆ స్క్రూ, కిల్ స్విచ్ తాడు నువ్వే వచ్చి పెట్టగలవా? టైర్లు చూశాను, 28 ఉంది.


కంచరపాలెం_మెకానిక్ (గురువారం, రాత్రి 10:47)

28ఏ? వద్దు, ఈలోగా స్టార్టే చెయ్యకండి అన్నయ్యా. ఆదివారం పొద్దున్నే వచ్చీస్తాను, తాడు పూర్ణా మార్కెట్ దగ్గర దొరుకుద్దేమో చూసి తెస్తాను. లొకేషన్ మెసేజ్ పెట్టండి. బ్రేకులు కూడా ఒకసారి విప్పి చూద్దాం, ఇసకలో తిరిగిన బండి కదా.